ఇమ్రోజ్ అంటే ఈరోజు

థామస్ పెయిన్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. 1776 జనవరిలో ‘కామన్ సెన్స్’ అనే చిన్న పుస్తకం రాసి, ఇంగ్లండు రాజు నుంచి విడిపోవాలని అమెరికా వలసల్లోని మామూలు జనానికి నచ్చజెప్పాడు. మొదట దాని మీద ఆయన పేరు కూడా లేదు. మన హైదరాబాద్‌లో మాత్రం ఎడిటర్‌గా అందరికీ తెలిసేలా నిలబడి, అలాంటి పనే చేసిన ఒకాయన ఉన్నారు. షోయబుల్లా ఖాన్.

నేను శాలిబండ వాణ్ని. మా వైపు 1948 గురించి ఒక్కో ఇంట్లో ఒక్కో కథ ఉంటుంది. ఒకరికి అది విముక్తి, పక్కింటివాళ్లకి భయం. షోయబ్ జీవితం చదివాక ఈ రెండు కథలూ నాకు కొత్తగా అర్థమయ్యాయి.

ఆయన 1920 అక్టోబర్ 17న అప్పటి వరంగల్ జిల్లా సుబ్రవేడులో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ నిజాం పోలీసు శాఖలో ఉద్యోగి. ఉస్మానియాలో చదివిన కుర్రాడికి సర్కారు నౌకరీ కష్టమేం కాదు. కానీ ఆయన పత్రికల్లోకి వెళ్లారు. మందుముల నర్సింగరావు గారి ‘రయ్యత్’లో పనిచేశారు. నిజాం ప్రభుత్వం దాన్ని మూయించింది.

అయినా ఆగలేదు. ఇంట్లోవాళ్ల నగలు అమ్మి, బూర్గుల రామకృష్ణారావు గారి సాయంతో 1947 నవంబర్ 15న సొంత పత్రిక పెట్టారు. పేరు ‘ఇమ్రోజ్’. అంటే ఈరోజు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశారు.

ఇక్కడ నాకు ముఖ్యంగా అనిపించింది భాష. ఆయన రాసింది ఉర్దూలో. అది సర్కారు భాష, కోర్టు భాష, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఉపన్యాసాల భాష కూడా. అంటే షోయబ్ ఆల్రెడీ ఒప్పుకున్నవాళ్ల చప్పట్ల కోసం రాయలేదు. ఒప్పుకోనివాళ్లతో, వాళ్ల భాషలోనే వాదించారు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు భారత్‌లో కలవడమే మేలని ఒక ప్రకటన ఇచ్చారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. తమకు వ్యతిరేకంగా లేచే చేతుల్ని నరికేస్తామని రజ్వీ బహిరంగంగానే బెదిరించాడు. ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు పని ముగించుకుని బావమరిదితో కలిసి ఇంటికి వెళ్తుంటే, కాచిగూడ దగ్గర షోయబ్ మీద దాడి చేశారు. రాసే చేతిని నరికేశారు. తెల్లారేసరికి ఆయన లేరు. వయసు 27.

మూడు వారాలకే, సెప్టెంబర్ 13న, భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జిల్లాల్లో వేలమంది ముస్లింలు చనిపోయారు. సుందర్‌లాల్ కమిటీ అంచనా 27 వేల నుంచి 40 వేల మంది. కలవడం ఎలాగూ జరిగింది. కానీ షోయబ్ కోరినట్టు మాటతో జరగలేదు.

అందుకే ఆయన్ని ఇప్పుడు ఒక వర్గం హీరోగా, ఇంకో వర్గం ద్రోహిగా చూపిస్తే నాకు నచ్చదు. ఆయన హైదరాబాదీలకు నచ్చజెప్పాలని చూసిన హైదరాబాదీ. నచ్చజెప్పేవాణ్ని చంపేశాక మిగిలేది తుపాకులే. పెయిన్ రాసేనాటికే అక్కడ యుద్ధం మొదలైపోయింది. షోయబ్ మాట మాత్రం యుద్ధాన్ని తప్పించగలిగేది. వినడానికి అప్పటికి ఇంకా టైమ్ ఉంది.