అరచేతిలో అక్షరాలు దిద్దిన గురువు

చూపు, వినికిడి రెండూ లేకుండానే డిగ్రీ పట్టా పొందిన హెలెన్ కెల్లర్ పేరు మనలో చాలామందికి తెలుసు. ఆమెకు మాట నేర్పిన గురువు అన్నే సల్లివాన్ గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. నిజానికి హాస్టల్ పిల్లలమైన మనకు ఆ గురువు జీవితమే మరింత దగ్గరిది.

అన్నే 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన పేద కుటుంబంలో జన్మించింది. అయిదేళ్ళ వయసులో ట్రకోమా అనే కంటి జబ్బు చూపును చాలావరకు తీసుకుపోయింది. ఎనిమిదేళ్ళకు తల్లి చనిపోయింది. తండ్రి పిల్లల్ని వదిలి వెళ్ళిపోయాడు. 1876లో అన్నేను, తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీ బీదల ఆశ్రమంలో చేర్చారు. కొద్ది నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు.

1880లో ఆ ఆశ్రమానికి తనిఖీ అధికారులు వచ్చారు. మన హాస్టల్‌కూ అలాంటివారు వస్తుంటారు, మనం వరుసలో నిలబడి మౌనంగా ఉండిపోతాం. అన్నే అలా ఉండలేదు. వాళ్ళ వెంటపడి, తనను బడికి పంపమని వేడుకుంది. అలా బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి పద్నాలుగేళ్ళు వచ్చినా ఆమెకు అక్షరం ముక్క రాదు. శస్త్రచికిత్సలతో చూపు కొంత మెరుగైంది. 1886లో తరగతిలో ప్రథమురాలిగా చదువు ముగించింది. అదే పాఠశాలలో ఉంటున్న లారా బ్రిడ్జ్‌మన్‌కు చూపూ వినికిడీ లేవు. అన్నే ఆమె దగ్గర వేళ్ళతో అరచేతిలో అక్షరాలు పలికించే పద్ధతి నేర్చుకుంది.

1887 మార్చి 3న అన్నే అలబామాలోని టస్కంబియా చేరింది. హెలెన్‌కు అప్పుడు ఆరేళ్ళు. బొమ్మను చేతికిచ్చి, దాని పేరు అరచేతిలో రాసింది. హెలెన్ ఆ వేళ్ళ కదలికలను అనుకరించింది కానీ, అది ఒక పేరని గ్రహించలేదు. ఏప్రిల్ 5న పంపు కింద ఒక చేతిపై నీళ్ళు పడుతుండగా రెండో చేతిలో ఆ మాట రాసింది. ప్రతి వస్తువుకూ పేరుంటుందని హెలెన్‌కు తెలిసింది అప్పుడే.

అసలు గొప్పతనం ఆ తర్వాతే ఉంది. పసిబిడ్డ మాట్లాడక ముందే ఎన్నో మాటలు వింటుంది. తల్లి జవాబు కోసం ఆగకుండా కబుర్లు చెబుతూనే ఉంటుంది. అన్నే అదే చేసింది. విడి మాటలతో ఆపకుండా పూర్తి వాక్యాలు హెలెన్ చేతిలో రాసింది. ఆరుబయట తిప్పుతూ, ముట్టుకున్న ప్రతిదాని గురించీ చెప్పింది. 1904లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కళాశాల పట్టా పొందే వరకూ, తన బలహీనమైన కళ్ళతోనే పుస్తకాలు చదివి చేతిలో వినిపించింది. చివరి రోజుల్లో ఆమె చూపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబర్ 20న మరణించింది.

మిత్రులారా! చూపు లేని తమ్ముడో చెల్లెలో మన హాస్టల్‌కు వస్తే జాలిపడి ఊరుకోవద్దు. మన నవ్వు, తల ఊపడం వారికి కనిపించవు. దగ్గరకు వెళ్ళి ముందు మన పేరు చెబుదాం. వస్తువును చేతికిచ్చి అదేమిటో చెబుదాం. వెళ్ళేటప్పుడు వెళ్తున్నామని చెబుదాం. వారు చెప్పేది ఓపికగా విందాం. బీదల ఆశ్రమంలో పెరిగిన ఒక అమ్మాయి చేయగలిగినప్పుడు, మనమెందుకు చేయలేం?