దోర్నకల్ బిషప్ అజరయ్య

గుత్తి కోట నీడన ఉన్న ప్రొటెస్టెంట్ సంఘం లండన్ మిషన్ వారు నాటిన మొక్క. 1908లో అది దక్షిణ భారత ఐక్య సంఘంలో భాగమైంది. 1947 సెప్టెంబరు 27న, నేడు అందరూ సి.ఎస్.ఐ. అని పిలిచే దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. ఈ రెండవ కలయిక కోసం పాతికేళ్ళు పాటుపడి, తీరా ఆ రోజును చూడకుండానే కన్నుమూసిన వ్యక్తి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామంలో నాడార్ కుటుంబంలో జన్మించారు. తాటిచెట్లెక్కి పొట్టపోసుకునే ఆ కులాన్ని అప్పట్లో గుడి గడప తొక్కనిచ్చేవారు కారు. తండ్రి తామస్ వేదనాయగం క్రైస్తవం స్వీకరించి ఆ ఊరి సంఘానికే గురువయ్యారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన అజరయ్య, లెక్కల పరీక్ష వేళకు జబ్బుపడి పట్టా పుచ్చుకోలేకపోయారు. పట్టా లేని ఈ మనిషే తరువాత వందల మందికి పట్టాభిషేకం చేశాడనుకోండి!

వై.ఎం.సి.ఏ.లో పనిచేస్తూ 1902లో జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత బోధకులను పంపుకోవడం చూసి ఆయనకు సిగ్గేసింది. ఎంతకాలం దొరల చేతికింద? మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఒక మిషన్ సంఘం వెలసింది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, పెత్తనం మనదే అన్నది దాని నియమం. ఆ సంఘం ఎంచుకున్న పొలం నైజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. 1909లో అజరయ్య ఉద్యోగం వదిలి, భార్య అన్బు మారియమ్మాళ్‌తో అక్కడికి వచ్చారు. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం నిండు సభను కలవరపెట్టింది. మిషనరీలు మా కోసం ధనమిచ్చారు, ప్రాణాలిచ్చారు, కాని మమ్మల్ని తమ సాటి మనుషులుగా చూసి స్నేహం మాత్రం ఇవ్వలేకపోయారన్నది దాని సారాంశం. ఎందరికో అది మింగుడుపడలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడాయన. తెల్లవారే కాదు, దేశీయ క్రైస్తవుల్లోనూ పెదవి విరిచినవారున్నారు.

ఆయన మంద దాదాపు అంతా మాల మాదిగలే. మన సీమలో ధాత కరువు నాటినుంచీ ఉన్న ఎత్తిపొడుపు ఒకటుంది: వీళ్ళు గంజి కోసం మతం మారారని. అజరయ్య దీనికి మాటలతో జవాబు చెప్పి ఊరుకోలేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు సంఘం కోసం తీసిపెట్టమన్నారు. కోతల పండుగకు ధాన్యం, కోళ్ళు, గుడ్లు కానుకగా తెప్పించారు. అడుక్కునేవాడన్న పేరున్నవాడు ఇచ్చేవాడయ్యాడు. వారి బిడ్డలనే చదివించి గురువులను చేశారు. కొంతకాలానికి పై కులాలవారు కొందరు వచ్చి ఆ మాల మాదిగ గురువుల చేతనే బాప్తిస్మం పొందారు. అయితే అంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. మాల మాదిగల తగాదా గుడిలోకీ వచ్చింది. ఇరువురూ ఒకే పాత్రలో ప్రభు భోజనం పుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. పోరు మాత్రం పూర్తిగా తీరలేదు.

దోర్నకల్ కేథడ్రల్ ఏళ్ళ తరబడి లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకొంది. మసీదు పోలిన గుమ్మటాలు, దేవాలయం పోలిన స్తంభాలు, తామర, అరటిపూల చెక్కడాలు. క్రైస్తవుడైనంత మాత్రాన దొరగా మారనక్కరలేదని ఆ రాళ్ళే చెబుతాయి. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చినప్పుడు ఆయన వాటిని వ్యతిరేకించారు కూడా.

గాంధీజీతో మాత్రం పేచీ తప్పలేదు. మతాల మంచి చెడ్డలు తూచుకునే స్థితి హరిజనులకు లేదని, వారిని మార్చడం తగదని 1936-37 ప్రాంతంలో గాంధీజీ వాదించారు. అజరయ్య ఒప్పుకోలేదు. మాలవానికీ మనసుంది, తన దేవుణ్ణి తానెంచుకునే వివేకముంది అన్నది ఆయన పక్షం. గాంధీజీ పట్ల ఎంత గౌరవమున్నా, ఈ ఒక్క విషయంలో అజరయ్యదే సరైన మాట అనిపిస్తుంది. ఆ చిక్కు ఆయనతో పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన మాల మాదిగలు షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల మిగిలారు. మన రాష్ట్రంలో వారిది బి.సి. 'సి' గ్రూపు, ఒక్క శాతం రిజర్వేషను.

ఇక ఐక్యత సంగతి. గుత్తిలో లండన్ మిషన్, నంద్యాలలో ఎస్.పి.జి., కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు, గుంటూరులో లూథరన్. ఒక కులం పేరు వదిలించుకున్నవాడి నెత్తిన ఎక్కడో దేశాంతరపు తగాదాల పేరు ఎందుకు? ఈ బాధతోనే 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు దేశీయ గురువులు సమావేశమై సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. వారిలో ముఖ్యుడు అజరయ్య. నాటినుంచి బేరసారాలు, కమిటీలు, అలకలు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన కాలం చేసేనాటికి పని కొసకు వచ్చింది గాని ముగియలేదు.

రెండేళ్ళ తర్వాత ఐక్య సంఘం ఏర్పడినప్పుడు ఆయన సొంత డయాసిస్‌లోని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు చాలామంది బయటే ఉండిపోయారు. ఆయన అధికారం ఎన్నడూ సాగని గుత్తి మాత్రం 1947లోనే చేరిపోయింది.