కాటన్ దొర పడవల కాలువలు

గోదావరి ఆనకట్ట పేరెత్తినంతనే కాటన్ దొర స్మరణకు వచ్చును. ధవళేశ్వరమునను, డెల్టాలోని పెక్కు ఊళ్లలోను ఆయన విగ్రహములు కలవు. తర్పణము విడుచునపుడు ఆయన పేరును గూడ చేర్చుకొనిన పెద్దలుండిరని చెప్పుకొందురు. ఇదంతయు వరిచేలకు నీరిచ్చినందులకు. కాని ఆయన మనస్సులో సగము పొలముల మీదను, సగము పడవల మీదను ఉండెనన్న సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు. పెద్ద కాలువ ప్రతిదియు పడవదారి కూడ కావలెనని పట్టుపట్టి, ఆ పట్టుదలతోనే పేరును, అపకీర్తిని కూడ సంపాదించుకొనిన ఇంజనీరాయన.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో పదవవాడు. ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో మద్రాసుకు వచ్చెను. తొలినాళ్లలో ఆయనకు ఒప్పగించిన పనులలో పాంబన్ జలసంధి నుండి ఓడలు పోవుటకు దారి చేయు విషయమై జరిగిన పరిశీలన యొకటి. పిమ్మట కొంతకాలము బర్మా యుద్ధములో గడచెను. 1836లో తంజావూరు సీమకై కొళ్లిడము మీద ఆనకట్టలు కట్టునాటికి, చోళుల కాలపు కల్లణైను నిశితముగా చూచి, గట్టినేల తగులని ఇసుక మీద రాయి ఎట్లు నిలుచునో గ్రహించెను. చదువు అడిస్కోంబులో నేర్చినను, ఆనకట్ట విద్యకు ఆయన గురువులు పేరు తెలియని చోళదేశపు తాపీపనివారే యనవలెను.

మరియొక విశేషము కలదు. మన దేశములో మొదటి ఇనుపదారులలో నొకటి, మద్రాసు చెంత రెడ్‌హిల్స్ నుండి చింతాద్రిపేటకు రాయి తరలించుటకై 1837లో నడచినది, కాటన్ పూనికతో వేసినదే. ధవళేశ్వరమునను కొండరాతిని ఆయన పట్టాల మీదనే దింపించెను. ఇట్టివాడు ముదిమిలో రైళ్లకు పరమశత్రువని పేరు పొందుట వింతగా తోచును. ఆయనకు రైలుతో వైరము లేదు. నీరున్నచోట రైలుకు పెట్టు డబ్బుతోనే ఆయనకు వైరము.

గోదావరి మండలము అప్పటికి దిక్కులేని స్థితిలో నుండెను. 1832-33లో నందన కరువు వచ్చెను. 1839 నవంబరులో కోరంగి ప్రాంతమును ఉప్పెన ముంచెను. ఏటేట నది నిండుగా పారి సముద్రములో కలియుచుండగా గట్టుమీది మనుష్యుడు తిండి లేక వలస పోవుచుండెను. 1844లో కాటన్ తన నివేదిక పంపెను. 1847లో పని మొదలై 1852 నాటికి ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, రెండు మైళ్లకు మించిన ఆనకట్ట నది కడ్డముగా నిలిచెను. నడుమ 1848లో ఆయన జబ్బుపడి సెలవు మీద పోగా కెప్టెన్ ఓర్ పని నడిపెను. కూలీలను కూడగట్టి పని సాగించుటలో కుడిభుజమైన వీణం వీరన్నను ఈ కథలో మరచుట అన్యాయము.

ఇక కోనసీమ. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ మధ్యలో పారును. చుట్టును నీరే యైనను లోపలి ఊళ్లకు దారి లేదు. వానకాలమున నల్లరేగడి బురదలో బండిచక్రము ఇరుసుదాక దిగబడును. కొబ్బరికాయ కాచినంత మాత్రమున చాలదు గదా, అది అంగడికి చేరవలెను. బొబ్బర్లంక కడ తలుపులెత్తి నీటిని వదలిన కాలువలు అమలాపురము, గన్నవరము దెసలకు సాగినపుడు, నీటితో పాటు దారియు వచ్చెను.

పంటకాలువకు పల్లమున్న చాలును. నీరు తానే పోవును. పడవకట్లు కాదు. ఆ పల్లము కడ లాకు కట్టవలెను. రెండు తలుపుల నడుమ రాతి తొట్టి వంటిది లాకు. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూసి, పైనీటిని మెల్లగా వదలుదురు. తొట్టి నిండిన కొలది పడవ లేచి ఎగువకాలువ మట్టమున కందును. దిగిపోవు పడవకు ఇదే పని తారుమారు. ఇందులకు ఖర్చు, కాపలా, కాలువ గట్టున తాడు పట్టి లాగువారికి దారి కూడ కావలెను. అంతేకాదు, పైరు నీరు పారవలెననును, పడవ నీరు నిలువవలెననును. కాలువలు కట్టివేయు వేసవి దినములలో పడవలు బురదలో కూర్చుండవలసినదే. ఈ చిక్కు కాటన్ ఎరుగనిది కాదు. ఎరిగియు లాకులు కట్టించెను.

వైనతేయకు ఆవలి నగరపులంకకు నీరు దాటించుటకై గన్నవరము కడ లెఫ్టినెంటు హేగ్ నలుబది తొమ్మిది కమానుల అక్విడక్టును కట్టెను. కమాను ఒక్కొక్కటి నలుబది అడుగుల వెడల్పు. దాని పని 2000లో క్రొత్త అక్విడక్టు వచ్చువరకు అది చేయుచునే యుండెను.

కాలువ వచ్చినపిమ్మట కోనసీమలో పడవ ఇంటిసొత్తు వంటిదైనది. మన్యమునుండి గోదావరిలో తెప్పలుగా దిగివచ్చిన కలపను కొని తెచ్చి, కాలువ గట్టున కొబ్బరిచెట్ల నీడనే వడ్రంగులు పడవ కట్టెడివారు. లోతు తక్కువగాన అడుగు చదునుగా ఉంచి, పలకల సందులలో నార కూరి, గుగ్గిలము కాచి పూసి, ఒక స్తంభము నాటి తెరచాప కట్టిన పడవ సిద్ధము. సముద్రపుగాలి తిరిగినపుడు చాప ఎత్తిన ఎదురేగుటయు సుళువు. గాలి పడిపోయిన చాపను దించి, ఇద్దరు గట్టెక్కి తాడు లాగుదురు. ధాన్యము, కొబ్బరి మాత్రమేకాక, పెండ్లివారును, చదువుకొను పిల్లలును గూటిపడవలలో రాత్రులు పయనించి తెల్లవారుసరికి ఊరు చేరెడివారు.

కాటన్ ఇంతటితో తృప్తిపడలేదు. నాగపూరు, బీరారు ప్రాంతముల ప్రత్తిని గోదావరి మీదుగా కాకినాడ రేవుకు దింపవలెనని ఆయన సంకల్పము. దుమ్ముగూడెము మొదలుగా నదిలోని రాతిపట్టులను దాటుటకు ఆనకట్టలు, లాకులు ఆరంభించిరి. హేగ్ ఏండ్ల తరబడి శ్రమించెను. జ్వరములును, కూలీల కొరతయు వెంటాడినవి. ఖర్చు పెరిగెను, ఇంతలో రైలు నాగపూరు చేరెను. 1871లో ప్రభుత్వము ఆ పనిని కట్టిపెట్టెను. తుంగభద్ర నుండి తీసిన కర్నూలు-కడప కాలువయు పైరుకును పడవకును అని తలపెట్టినదే. అదియు కంపెనీకి నష్టమునే తెచ్చి, 1882లో ప్రభుత్వము చేత చిక్కెను. ఈ రెండు చోట్లను కాటన్ లెక్క తప్పెనని యొప్పుకొనక తప్పదు. డెల్టా చదునునేలకు సరిపోయిన సూత్రమును రాతినేలకు పొడిగించుటయే ఆ పొరపాటు.

అయినను 1876-78 నాటి మహాక్షామములో ఆయన వాదమునకు మరల ప్రాణము వచ్చెను. రైలు ధాన్యమును మోయగలదు గాని పండింపలేదు. కాలువ రెండును చేయగలదని ఆయన వాదము. 1878లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, పార్లమెంటు నియమించిన సంఘమెదుట నిలిచి ప్రశ్నలకు బదులు చెప్పెను. దేశములోని నదులనెల్ల పడవకాలువలతో కూర్చవలెననెను. సంఘము రైళ్ల పక్షమునే మొగ్గెను. లక్షలాది ప్రజలు మాడిన తరువాత జరిగిన విచారణలో, కాలువ లాభమును వడ్డీ లెక్కలతోనే తూచుట చూచి ఆ వృద్ధుడెంత కుమిలెనో ఊహించుకొనవచ్చును.

తుదిదినములు డార్కింగులో గడచెను. అచ్చటను ఊరకుండక, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899 జూలై 24వ తేదీన మరణించెను. అప్పటికి రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన స్తంభములు లేచుచున్నవి. ఆ మరుసటి యేడు, 1900లో, హేవలాక్ వంతెన మీద రైలు నడచెను.

కోనసీమ పడవలు మాత్రము ఆపిమ్మటను చిరకాలము తిరిగినవి. రోడ్లు, వంతెనలు, లారీలు వచ్చి వాటిని మెల్లమెల్లగా రేవులకు కట్టివేసినవి. కాకినాడ నుండి రైలు 1928లో కోటిపల్లికి వచ్చెను. యుద్ధకాలమున, 1940లో, దాని పట్టాలు ఊడదీసిరి. 2004లో మరల వేసిరి. అప్పుడును అది గౌతమిని దాటక గట్టుననే ఆగెను.