పండిత నైన్ సింగ్

19వ శతాబ్ది మధ్యభాగమున ఆసియాఖండ పటములలో హిమాలయములకు ఆవలి ప్రదేశము చాలవరకు ఖాళీగా నుండెను. టిబెట్టు ప్రభుత్వము విదేశీయులను రానిచ్చెడిది కాదు. లాసానగరము సరిగా ఎచట నున్నదో భారతదేశపు సర్వే శాఖవారికి నిశ్చయముగా తెలియదు. ఆ ఖాళీని పూరింప బయలుదేరినవాడు ఒక బడిపంతులు.

నైన్ సింగ్ రావత్ 1830వ సంవత్సరమున కుమావూను పర్వతములలోని మిలం గ్రామమున జన్మించెను. ఆ గ్రామస్థులు కనుమలు దాటి టిబెట్టుతో వర్తకము చేయువారు. అందుచే అతనికి ఆ దేశపు భాషయు, ఆచారములును పరిచితములు. 1863లో సర్వే శాఖవారు అతనిని డెహ్రాడూనునకు రప్పించి శిక్షణ మిచ్చిరి.

శిక్షణలో ముఖ్యమైనది నడక! ఎక్కుడైనను దిగుడైనను అడుగు ఒకే కొలతగా పడవలెను. రెండువేల అడుగులు ఒక మైలు. జపమాలయందు 108 పూస లుండుట ఆచారము. అతని మాలలో నున్నవి నూరే. నూరడుగులకొక పూస జరుపును. మాల ఒక చుట్టు తిరిగినచో ఐదు మైళ్లు గడచినట్లు. చేతి ప్రార్థనచక్రములో మంత్రములకు బదులు లెక్కలు వ్రాసిన కాగితము లుండెను. నక్షత్రముల ఎత్తు కొలుచుటకు కావలసిన పాదరసమును గవ్వలలో దాచెను. నీరు మరుగునపుడు ఉష్ణమాపకము చూచి ఆ చోటి ఎత్తును గణించెను.

1865లో నేపాళమార్గమున బయలుదేరెను. దారిలో టషిల్హున్‌పో మఠమున పంచెన్ లామా దర్శనమునకు తోడివారితో పోక తప్పలేదు. లామా ఎదుటివాని మనస్సు చదువగలడని ప్రతీతి. నైన్ సింగ్ భయపడుచునే లోనికి పోయెను. తీరా చూడగా పీఠముపై నున్నవాడు పదునొకండేండ్ల బాలుడు! అతడు ఆశీర్వదించి పంపెను.

1866 జనవరిలో లాసా చేరునప్పటికి చేతిసొమ్ము తరుగుచుండెను. అనుమతి లేక వచ్చిన ఒక చీనీయుని బహిరంగముగా శిరచ్ఛేద మొనర్చుట అతడు చూచెను. అంతట బస మార్చి, వీథులలో తిరుగుట తగ్గించెను గాని, కొలతలు మానలేదు. ఇద్దరు ముసల్మాను వర్తకులు అతని వేషమును కనిపెట్టిరి. వారు నోరు మెదపినచో అతని ప్రాణము దక్కదు. వారు ఆ రహస్యము బయటపెట్టకపోగా, గడియారము కుదువ పెట్టుకొని అప్పిచ్చిరి!

ఆ యాత్రలో అతడు నడచినది సుమారు 1,200 మైళ్లు, దాదాపు 25 లక్షల అడుగులు. లాసా స్థానమును, సాంగ్‌పో నదీమార్గములో చాలభాగమును పటమున కెక్కెను. తరువాత 1867లో బంగారుగనుల ప్రాంతమునకును, 1874లో లేహ్ నుండి లాసా మీదుగ అస్సామునకును యాత్రలు చేసెను. 1877లో లండనులోని రాయల్ జియగ్రాఫికల్ సొసైటీవారు బంగారుపతక మిచ్చిరి. అప్పటికే చూపు మందగించుటచే అతడు యాత్రలు మాని, క్రొత్తవారికి అడుగులు లెక్కించుట నేర్పుచుండెను.