సత్యభామను పిల్లలకు అప్పగించిన సిద్ధేంద్ర యోగి

కూచిపూడి నాట్యం నేర్చుకునే ప్రతి పిల్లకూ సిద్ధేంద్ర యోగి పేరు తెలుసు. ఆయన కవి, కృష్ణభక్తుడు. అంతకు మించి ఆయన పిల్లల గురువు. ఒకే ఒక్క కథ పట్టుకుని ఒక ఊరి పిల్లలందరికీ నాట్యం నేర్పించిన మహనీయుడు.

ఆయన 17వ శతాబ్దం వాడని పెద్దలు చెబుతారు. ఆయన జీవితకథ మనకు ఎక్కువగా నోటిమాటగానే వచ్చింది. చిన్ననాడే తల్లిదండ్రులు పోయారు. బాల్యంలోనే పెళ్లి అయింది. చదువు ముగిసి పెద్దవాడయ్యాక భార్యను చూడడానికి అత్తవారి ఊరికి బయలుదేరాడు. కృష్ణానది దాటుతుండగా వరద ముంచుకొచ్చింది. ప్రాణం దక్కితే సన్యసిస్తానని మొక్కుకున్నాడు. ఒడ్డు చేరాడు, మాట నిలుపుకున్నాడు. ఆ తరువాత ఆయన మనసంతా శ్రీకృష్ణుడే. తనను సత్యభామగా భావించుకుని పారిజాతం కథను నాట్యానికి అనువుగా రచించాడు. అదే భామాకలాపం.

రాయడంతో పని తీరలేదు. ఆడేవారు కావాలి. క్షేత్రయ్య ఊరుగా పేరుపొందిన మొవ్వకు దగ్గరలోనే కూచిపూడి. అక్కడి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలను ఆయన చేరదీశాడు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని పెద్దల దగ్గర మాట తీసుకున్నాడని చెబుతారు.

ఆ నియమంలో గొప్ప బోధన ఉంది. సత్యభామ మొదట తెర వెనుక నిలబడి, తన జడను తెర మీదుగా వేస్తుంది. అది గర్వం. తరువాత కృష్ణుడితో అలక, ఎడబాటు, మాధవి చేత పంపే లేఖ, చివరికి అణకువ. గర్వంతో వేసే అడుగు వేరు, దుఃఖంతో వేసే అడుగు వేరు. కథ తెలియని పిల్లవాడికి ఆ తేడా కాళ్లలోకి రాదు. పైగా మగపిల్లవాడు ఒక స్త్రీ మనసు తెలుసుకోవాలి.

గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా వీరి ఆట చూసి మెచ్చి, కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. 1687లో గోల్కొండ రాజ్యం పడిపోయింది. ఆట మాత్రం తండ్రి నుంచి కొడుకుకు అందుతూ నిలిచింది.

అయితే ఒక మాట దాచకూడదు. ఆ నియమంలో ఆడపిల్లలకు చోటు లేదు. గోదావరి ప్రాంతంలో కళావంతుల స్త్రీలు భామాకలాపాన్ని తమ పద్ధతిలో ఆడారు గాని, వారికి దక్కవలసిన పేరు దక్కలేదు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు కూడా కూచిపూడి నేర్పారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో ఆడపిల్లలను తీర్చిదిద్దారు. అలా పాత నియమం సడలింది. సడలింది కనుకనే ఆ కళ సముద్రాలు దాటి మన దాకా వచ్చింది.

ఇవాళ పార్సిప్పనీలో గజ్జె కట్టేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. వారికి జతులు వస్తాయి, తాళం తప్పదు. కాని సత్యభామకు కోపం ఎందుకు వచ్చిందో అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. దరువులోని తెలుగు మాటలు వారికి వట్టి చప్పుళ్లు. అడుగులు గురువులు నేర్పుతారు. కథ చెప్పవలసింది ఇంట్లో మనమే, అదీ తెలుగులో. సిద్ధేంద్రుడు ఆనాడు కూచిపూడి పెద్దల దగ్గర మాట తీసుకున్నాడు. ఈనాడు ఆ మాట ఇవ్వవలసిన పెద్దలం మనం.