తనది కాని భాషను తనది చేసికొనిన బ్రౌను

శ్రీశైలమునకు దక్షిణద్వారమని పేరొందిన సిద్ధవటము కడప పట్టణమునకు చేరువనే యున్నది. మల్లికార్జునుని దర్శింపగోరి దక్షిణమునుండి వచ్చు యాత్రికులకు ఆ సీమ తరతరములుగా తోవ. ఆ సీమకే 1820లో, ఇరువదిరెండేండ్లైనను నిండని ఒక ఆంగ్లేయ యువకుడు కలెక్టరుకు సహాయకుడై వచ్చెను. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఆయన 1812లో గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. హైలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగమునకు శిక్షణ పొంది, 1817లో బ్రౌను మదరాసునకు వచ్చెను. అచ్చటి సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించెను. 1820లో పరీక్ష నెగ్గినంతమాత్రమున తెలుగు వచ్చినట్లు కాదని కడప కచేరీలో అడుగిడిన తరువాతనే ఆయనకు తెలియవచ్చెను. అప్పటి కలెక్టరు హాన్‌బరీ రైతులతో ధారాళముగా తెలుగున మాటలాడగలవాడు. ఆయనను చూచి ఈ యువకునకు పట్టుదల కలిగెను.

ఆంగ్లేయునకు తెలుగులో మొదట కాలికి తగులు రాయి యేది? సంధులని, సమాసములని పండితులందురు. నిజమునకు అంతకంటె ముందే, నాది, నీది అని చెప్పుకొనుటయందే అతడు తడబడును. ఆంగ్లమున కలిగియుండుట కొక్క క్రియ చాలును: తమ్ములైనను, ఎద్దులైనను, జ్వరమైనను దానితోనే గడచిపోవును. తెలుగున అట్టి క్రియ వాడుకలో లేదు. నాకు ఇద్దరు తమ్ములున్నారనవలెను. నావద్ద పది రూకలున్నవనవలెను. ఒక రైతు కచేరీకి వచ్చి ఎద్దు నాకున్నదనుటకును, నావద్ద నున్నదనుటకును, నాది యనుటకును నడుమ భేదమెంతయో కలదు. నావద్దనున్న ఎద్దు పొరుగువానిది కావచ్చును. ఆ భేదమెరుగని అధికారి తీర్పు చెప్పినచో ఒక పేదవాని కాడి పోయినట్లే. కాబట్టి కచేరీలో కూర్చున్న వానికి ఈ వ్యాకరణము పరీక్షకొరకు చదువు పాఠము కాదు.

సంబంధార్థముననో చిక్కు మరియొక తీరు. యొక్క యను మాట దొరకగానే పరదేశి దానిని ప్రతి నామమునకును తగిలించును. మన పాఠశాలల అనువాదములలోను ఆ జాడ్యము ఇంకను పోలేదు! ఇంటి తలుపు, ఊరి చెరువు, కంటి రెప్ప, గుర్రపు బండి, శ్రీశైలపు కొండలు అను చోట యొక్కతో పనియే లేదు. ఇల్లు ఇంటి యగుటయు, కన్ను కంటి యగుటయు, ముకారము పుకారమగుటయు మనకు తల్లిపాలతో వచ్చినవి. పరాయివాడు ఒక్కొక్క దానిని కంఠస్థము చేయవలెను. స్పానిషు నేర్చు ఆంగ్లేయునకును ఇట్టి అవస్థయే. హువాను పుస్తకమనుటకు అతడు పుస్తకమును ముందు చెప్పి, నడుమ దె యను చిన్న మాటనుంచి, హువాను పేరు చివర చెప్పవలెను. అతనిది, ఆమెది, వారిది అన్నిటికిని ఆ భాషలో సు యను మాట యొక్కటే. తెలుగు ఈ విషయమున ఉదారము: రాముడు తన ఇంటికి పోయెననినచో ఇల్లు రామునిదే, వాని ఇంటికి పోయెననినచో ఇల్లు వేరొకనిది.

ఇక మా, మన అను రెండింటి సంగతి. చెరువు తెగినదని మొరపెట్టుకొన వచ్చిన రైతు దొరతో మా చెరువనును. తోడి రైతుతో మన చెరువనును. వినువానిని కలుపుకొనుటకును వెలిగానుంచుటకును ఆంగ్లమున ఒక్క మాటయే యున్నది. పైగా మనవాడు తన భార్యనే మా ఆవిడ యనును! కొత్తగా వచ్చిన దొర విని నివ్వెరపోవుటలో తప్పేమున్నది?

బ్రౌనునకు ముందే కేరీ 1814లోను, కాంబెల్ 1816లోను తెలుగు వ్యాకరణములు ప్రకటించియుండిరి. కాంబెల్ సంస్కృత మర్యాద ననుసరించినవాడు. బ్రౌను 1840లో ప్రకటించిన తన వ్యాకరణమున జనుల నోట నాడు భాషకు పెద్దపీట వేసెను. 1852లో వెలువడిన తెలుగు–ఆంగ్ల నిఘంటువున ఇల్లు వంటి పదముల ప్రక్కనే ఇంటి యను రూపమును చూపెను. ఒకప్పుడు తాను తడబడిన చోటులను ఆయన మరువలేదనిపించును. శకటరేఫమును, అరసున్నను లెక్కసేయకుండుట పండితులకు రుచింపలేదు. ఆ అభ్యంతరము త్రోసిపుచ్చదగినది కాదు. కాని విద్యార్థి చేతిలో నిలిచినది బ్రౌను నిఘంటువే.

నడుమ మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో పనిచేసి, 1826లో బ్రౌను తిరిగి కడప చేరి అచ్చట బంగళా కొని పండితులను సొంత వ్యయముతో పోషించెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పనులను నడపెను. జూలూరి అప్పయ్య పండితుడు పాఠపరిష్కారమునందును వ్యాఖ్యలయందును తోడ్పడెను. చెదలు తినుచున్న తాటాకు ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, కాగితములపై శుద్ధప్రతులు వ్రాయించిరి. 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చైనవి. పండితులు చిన్నచూపు చూచిన ద్విపద కావ్యములను, శ్రీశైల మల్లికార్జునుని కొలుచు జంగముల వాఙ్మయమును బ్రౌను ఆదరించి, 1840లో వారి మతాచారములపై ప్రత్యేకముగా ఒక వ్యాసము ప్రకటించెను. ఇందుకై జీతము చాలక అప్పులపాలయ్యెను.

1834లో ఉద్యోగము పోయెను. మరుసటి యేట ఇంగ్లండు వెళ్ళి, పని లేక యున్న ఆ దినములలోనే, లండనులోని కంపెనీ గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు దిక్కులేక పడియుండుట చూచెను. అవి మదరాసునకు చేరవలెనని పట్టుబట్టి 2,106 ప్రతులను పంపించెను. 1838లో తిరిగివచ్చి మరల కొలువున చేరి, తాను సేకరించిన వానినిగూడ మదరాసున కొసగెను. పదవి విరమించి 1855లో స్వదేశమున కేగిన పిదప కొంతకాలము లండనులో తెలుగు ఆచార్యుడుగా నుండెను. 1884 డిసెంబరు 12న అచ్చటనే కన్నుమూసెను.

కడపలోని ఆ బంగళా కాలక్రమమున శిథిలమై మొండిగోడలు మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగువారు ఊరూర తిరిగి విరాళములు కూర్చి ఆ స్థలముననే గ్రంథాలయమును నిలిపిరి. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలో బ్రౌను పేర భాషాపరిశోధన కేంద్రమై యున్నది.