చేప పంటికి ఆయన పేరు

మాది అనకాపల్లి. శారదా నది పొంగినప్పుడు దాటొద్దురా అనే మాట వింటూ పెరిగాను. అందుకేనేమో, స్టీఫెన్ హిస్లాప్ గురించి చదివాక రెండ్రోజులు ఆయనే గుర్తొచ్చాడు.

1817లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. మతప్రచారం కోసం 1845లో నాగపూర్ వచ్చి, మరుసటి ఏడాది బడి పెట్టాడు. పని అదే. పిచ్చి మాత్రం రాళ్లూ, శిలాజాలూ! ఆ వెతుకులాట మన ప్రాణహిత–గోదావరి లోయ దాకా సాగింది. పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి నుంచి చేప పళ్లు సేకరించాడు. మామూలు చేప కాదండోయ్, ఊపిరితిత్తులున్న చేపల జాతి. వయసు 20 కోట్ల ఏళ్ల పైమాటే. 1859లో థామస్ ఓల్డ్‌హామ్ దానికి సెరటోడస్ హిస్లోపియానస్ అని హిస్లాప్ పేరే పెట్టాడు.

1863 సెప్టెంబర్ 4న టాకల్‌ఘాట్‌లో పాతకాలపు రాతి వలయాలు చూసి, గుర్రమ్మీద తిరిగొస్తూ పొంగిన వాగులో మునిగిపోయాడు. 46 నిండటానికి ఇంకా నాలుగు రోజులే. గోండుల గురించి రాసుకున్న కాగితాలు అచ్చవకుండానే మిగిలాయి. 1866లో రిచర్డ్ టెంపుల్ వాటిని పుస్తకంగా తెచ్చాడు కాబట్టి సరిపోయింది.

ల్యాబ్ రికార్డుల మధ్య నేను రాసుకున్నవన్నీ ఫోన్‌లోనే పడున్నాయి. నాకో టెంపుల్ దొరుకుతాడని గ్యారంటీ ఏంటి? అందుకే ఇది మాత్రం ఈరోజే పంపించేస్తున్నా.